గుండిగలో గుప్పెడు బియ్యం

నిత్యబోధ స్వామివారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. ఆశ్రమంలో అందరికీ తెలిసిన సంగతే. తెలిసీ అడిగాడు తమ్మయ్య. పాపం, అతని అవస్థ అలాంటిది.

తమ్మయ్య కరెంటాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరయ్యాడు. కింద దుకాణం, పైన కాపురం ఉండేలా ఇల్లు కట్టుకుని ముప్ఫై ఒక్క ఏళ్ళు అందులోనే బతికాడు. ఇప్పుడు భార్య మంగతాయారుకి మోకాళ్ళు అరిగిపోయాయి. ఇరవై రెండు మెట్లు దిగలేక ఆ మహాతల్లి ఆర్నెల్లుగా వీధి మొహం చూడలేదు. ఊరి చివర పెద్దవాళ్ళ కోసం మెట్లు లేని ఇళ్ళు కడుతున్న కంపెనీవాళ్ళు, పాత ఇంటికి విలువ కట్టి తీసుకుని కొత్తది ఇస్తామన్నారు. మాటలన్నీ అయిపోయాయి. మర్నాడు తాళాలు ఇవ్వాలి. తీరా ఇప్పుడు తాళాలు చెయ్యి వదలనంటున్నాయి.

"పిల్లల్ని పెంచింది స్వామీ ఆ ఇల్లు. పాతబట్టలిచ్చి స్టీలుగిన్నె కొనుక్కున్నట్టు దాన్ని మార్చేసుకోవడం విశ్వాసఘాతుకం కాదూ? మానేద్దామనుకుంటున్నాను" అన్నాడు.

స్వామివారు విన్నారు. వంటింట్లో ఇత్తడి గుండిగ అడుగు పల్చబడిందనీ, దాన్ని బజారుకి పట్టుకెళ్ళి కొత్తదానికి మార్చుకురమ్మనీ చెప్పి కళ్ళు మూసుకున్నారు.

తమ్మయ్య వెళ్ళేసరికి వంటమనిషి నరసమ్మ చింతపండు పెట్టి గుండిగని తళతళా తోముతోంది. అతనికి ఒళ్ళు మండింది. రేపో ఎల్లుండో కొలిమిలో కరిగిపోయేదానికి ఈ సింగారమంతా ఎందుకన్నాడు.

"ఇరవై ఏళ్ళు మనకి అన్నం వండిపెట్టింది బాబూ. మసిమొహంతో పంపిస్తామా?" అంది నరసమ్మ. దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఉత్తగిన్నె గడప దాటకూడదని గుప్పెడు బియ్యం పోసి, దణ్ణం కూడా పెట్టింది. తమ్మయ్య నవ్వబోయాడు గాని నవ్వు రాలేదు.

కొట్టాయన గుండిగని తక్కెడలో పెట్టబోతూ లోపలికి చూశాడు. బియ్యం కాగితంలోకి వంపి పక్కన పెట్టి, అప్పుడు తూచాడు. కొత్త గుండిగ ఇచ్చేటప్పుడు ఆ బియ్యాన్నే అందులో పోశాడు. ఎవరూ అడగలేదు. వాళ్ళ తాతల నాటి అలవాటట.

ఆటోలో కొత్త గుండిగని ఒళ్ళో పెట్టుకుని, ఒక్క గింజ ఒలక్కుండా పట్టుకొచ్చాడు తమ్మయ్య. తన ఇంటి మెట్లమీద పాకిన పసివాళ్ళూ, పెద్ద గాలివానలో చుక్క కారని కప్పూ, కరెంటు పోయిన వేసవిలో అందరూ వరసగా పడుకున్న డాబా గుర్తొచ్చాయి. ఎంత చల్లగా చూసిందమ్మా మమ్మల్ని, అనుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి కూడా గుండిగ మీంచి చెయ్యి తియ్యలేదు.

ఆశ్రమంలో దిగి గుండిగని స్వామివారి ముందు పెట్టాడు. ఆయన లోపలికి తొంగిచూశారు.

"బియ్యం కూడా తూచాడా?"

"లేదు స్వామీ. ముందే తీసి పక్కన పెట్టాడు."

"మరి ఆ ఇంటిమీది విశ్వాసాన్ని నువ్వెందుకయ్యా తూస్తున్నావు?" అన్నారు స్వామివారు. "పొద్దున్నే ఆ గడపకి పసుపు రాసి, మంగతాయారుని నెమ్మదిగా దింపుకో."