కాచకూడని నీళ్ళు

తుపాను దాటిపోయిన ఐదో రోజు పొద్దున్న సిలార్ తన గురువు ముందు ఖాళీ బిందె బోర్లించి, ఇక నీళ్ళ పని తన వల్ల కాదన్నాడు.

"ఇంకెవరికైనా అప్పజెప్పండి తాతా. కట్టెలు కొట్టమంటే కొడతాను. ఇసక మోయమంటే మోస్తాను. నీళ్ళు మాత్రం ముట్టుకోను."

దర్గా గోడకి వీపు ఆనించి కూర్చున్న మీరా తాతకి ఎనభై దాటాయి. ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది పోవడానికి సామాను సర్దుకుంటోంది.

"ఇంకెవరికి వచ్చురా ఆ పని?" అన్నాడు తాత.

ఎవరికీ రాదు. పన్నెండేళ్ళుగా ఎవరికీ రాకుండా చూసుకున్నవాడు సిలారే.

ఆ దర్గా సముద్రం ఒడ్డున ఒక పెద్ద ఇసక దిబ్బ మీద ఉంది. ఉప్పెన వచ్చిన రోజు కింద ఉన్న పల్లెపాలెం మొత్తం మునిగితే, ఇరవై ఆరు కుటుంబాలు మేకలతో సహా ఎక్కి వచ్చి ఈ దిబ్బ మీద ప్రాణాలు నిలబెట్టుకున్నాయి. రోడ్డు తెగిపోయింది. ఊరి బావుల్లో సముద్రం వచ్చి కూర్చుంది. కంటికి ఆనినంత మేరా నీళ్ళే, గుక్కెడు తాగడానికి మాత్రం లేవు. మూడో రోజున ఒక పడవ వచ్చి పులిహోర పొట్లాలు ఇచ్చి వెళ్ళింది. దాహంతో అల్లాడేవాళ్ళకి పులిహోర పంచాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గాని, ఉప్పు మాత్రం బాగా కుదిరింది.

తుపాను కబురు తెలియగానే తాత అన్నీ నింపి పెట్టమన్నాడు. సిలార్ బానలు, బిందెలు, డేగిశాలు, చివరికి పిండి డబ్బాలు కూడా నింపి మూతలకి గుడ్డలు కట్టాడు. అవి రెండు రోజులు వచ్చాయి. మూడో రోజు దిబ్బకి లోపలి వైపున చెలమ తవ్వాడు. ఇసకలో మూరెడు లోతు తవ్వితే తియ్యటి నీరు ఊరుతుంది. ఆశకొద్దీ ఇంకో జానెడు తవ్వితే ఉప్పు తగులుతుంది. ఎక్కడ ఆపాలో సిలార్‌కి తెలుసు. ఆ నీళ్ళని నాలుగు మడతల గుడ్డలో వడగట్టి, కుండ లోపలి గోడకి చిల్లగింజ అరగదీసి, మడ్డి అడుక్కి దిగాక పైన తేరినవి వంచేవాడు. అద్దంలా ఉండేవి.

ఆ తర్వాత కుండ మీదికి వంగి, పెదాలు కదిలించి, మూడుసార్లు ఊదేవాడు.

ఊదడం ఆ దర్గాలో తరతరాలుగా వస్తున్న ఆచారం. ఒంట్లో బాగోని వాళ్ళు, పిల్లలు పుట్టనివాళ్ళు, పరీక్ష తప్పినవాళ్ళు చెంబుతో నీళ్ళు తెచ్చుకుంటారు. తాత దువా చదివి ఊదుతాడు. పట్టుకెళ్ళి తాగుతారు. తాతకి ఆయాసం వచ్చినప్పటినుంచీ ఆ పని సిలార్ చూస్తున్నాడు. సిలార్ అంతకుముందు టౌనులో సైకిళ్ళ పంక్చర్లు వేసేవాడు. ఉరుసులో భోజనం బాగుంటుందని వచ్చి ఉండిపోయాడు. గాలి కొట్టడం తనకి కొత్త కాదని మొదట్లో తన మీద తనే నవ్వుకునేవాడు. తర్వాత్తర్వాత నవ్వుకోవడం మానేశాడు. జనం చేతులు కట్టుకుని నిలబడుతుంటే నవ్వడం ఎవరికైనా కష్టమే.

తొమ్మిదేళ్ళ కిందట ఒక మాస్టారు, చెప్పులు విడిచే గేటు దగ్గర, ఊదిన నీళ్ళతో కాఫీ పెట్టుకోవచ్చా అని అడిగాడు. సిలార్‌కి తెలియదు. తెలియదని చెప్పి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

"కాచకూడదండీ," అన్నాడు. "దువా ఆవిరైపోతుంది."

మాస్టారు తల పంకించాడు. అంత చదువుకున్న తల తన మాటకి పైకీ కిందికీ ఊగడం సిలార్‌కి చాలా నచ్చింది. ఇంకో నలుగురికి చెప్పాడు. ఆ నలుగురూ నలభైమందికి చెప్పారు. తాత చెవిన పడకుండా మాత్రం ఎప్పుడూ గేటు దగ్గరే చెప్పేవాడు.

ఇప్పుడు ఈ దిబ్బ మీద ఇరవై ఆరు కుటుంబాలూ, వాళ్ళ మేకలూ తినేదీ ఇక్కడే, కడుపు ఖాళీ చేసుకునేదీ ఇక్కడే. పైన పడిందంతా ఇసకలోంచి చెలమలోకి దిగుతుంది. అద్దంలా ఉన్న నీళ్ళయినా కాచి తాగాలని సిలార్‌కి తెలియక కాదు. తాతకి ఇచ్చే నీళ్ళు అతను రోజూ వాము వేసి కాచేవాడు. తాత నీళ్ళు తాతే ఊదుకుంటాడు కాబట్టి ఆ కుండకి తన నిబంధన వర్తించదని తనకి తనే ఒక సందు ఇచ్చుకున్నాడు.

మూడో రోజు సాయంత్రం కాసులమ్మ తనకి పోసిన నీళ్ళని పొయ్యి మీద పెట్టింది. సిలార్ దూరాన్నుంచి చూశాడు. చుట్టూ జనం ఉన్నారు. చూసి ఊరుకుంటే ఇన్నేళ్ళ మాట పోతుంది. పరిగెత్తుకెళ్ళి దింపించాడు.

నాలుగో రోజు మధ్యాహ్నానికి ఆమె కొడుకు పోయాడు. నాలుగేళ్ళవాడు. కడుపు నిలబడక, కళ్ళు లోపలికి పోయి, చివర్లో నాలుక తడి కూడా లేకుండా పోయాడు. మొగుడు రెండో రోజునే సాయం తెస్తానని తెప్ప వేసుకుని వెళ్ళాడు. ఇంకా రాలేదు. కొడుకు పోయాడని అతనికి తెలియదు. దిబ్బకి అవతలి వైపు గుంట తీసింది సిలారే. ఇసక తీసేకొద్దీ జారి పడుతుంటే, చెలమ తవ్విన చేతులతోనే మళ్ళీ మళ్ళీ తీశాడు.

ఇదంతా సిలార్ తాతకి చెప్పలేదు. "పిల్లాడు పోయాడు, నా చేతి నీళ్ళు తాగి పోయాడు," అన్నాడంతే. ఆ మాటలో అబద్ధం లేదు. నిజం కూడా సగమే ఉంది.

తాత ఏదో అనబోతుండగా కాసులమ్మ వచ్చింది. నాలుగడుగుల దూరంలో ఇసకలో కూలబడింది. ఏడవలేదు. ఏడవడానికీ ఒంట్లో నీళ్ళుండాలి.

"తాతా, నాకేదన్నా సిచ్చ సెప్పండి."

"దేనికమ్మా?"

"మీ నీల్లు పొయ్యి మీద ఎట్టాను. సాయిబు గారు పరిగెత్తుకొచ్చి దింపించేతలికే కాస్త ఏడెక్కిపోయాయి. అప్పుడికే దువా ఎగిరిపోయుంటాది. ఆ ఉత్త నీల్లే పిల్లోడికి పట్టాను. నా సేతులారా."

సిలార్ కాలి బొటనవేలుతో ఇసకలో గుంట చేశాడు. అందులోకి దూరిపోయే వీలుంటే బాగుండును.

"కాచకూడదని ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నాడు తాత.

"ఒకరు సెప్పేదేటి తాతా, అందరికీ తెలిసిందే గదా. మా అమ్మ కూడా అనేది."

గేటు దగ్గర పుట్టిన తొమ్మిదేళ్ళ మాట అప్పుడే అమ్మల కాలానికి వెళ్ళిపోయింది.

"నీ తప్పేం లేదు తల్లీ," అన్నాడు తాత.

"మీరు పెద్దోరు, అలాగే అంటారు." ఆమె లేచింది. "రత్తాలు కూతురికీ పట్టుకుంది అదే రోగం. పొద్దుట్నుంచి నాలుగుసార్లు. అది నీల్లు కాసి పడతానని గోల. నేనెల్లి ఆ పొయ్యి కాడే కూకుంటాను. కుండ ఎక్కనివ్వను. నాకైనట్టు దానికి అవకూడదు."

వెళ్ళిపోయింది. తాత తన మిగిలిన కన్ను సిలార్ వైపు తిప్పాడు. తిట్టలేదు. తిడితే బాగుండునని సిలార్ ఎదురుచూశాడు.

"దాహంగా ఉందిరా," అన్నాడు తాత.

సిలార్ వాము నీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి మూత తీశాడు.

"అవి కాదు. అందరికీ పోస్తున్నావే, ఆ కుండలోవి."

సిలార్ పెద్ద కుండలోంచి గ్లాసు ముంచాడు. తెచ్చాడు. ఇచ్చాడు. నీళ్ళు తేటగా, గ్లాసు ఖాళీగా ఉందేమో అన్నట్టు ఉన్నాయి.

"ఊదావా?"

"రాత్రే ఊదాను తాతా."

"అయితే మంచిదే."

తాత బిస్మిల్లా అని గ్లాసు ఎత్తాడు. అంచు పెదవికి తగిలింది. సిలార్ ఆ మణికట్టు పట్టేసుకున్నాడు. పన్నెండేళ్ళలో ఆ చేతిని ముద్దు పెట్టుకోవడానికి తప్ప ముట్టుకున్నవాడు కాదు. సగం నీళ్ళు తాత గడ్డం మీద ఒలికాయి.

"వద్దు తాతా. అవి కాచలేదు."

తాత గడ్డం తుడుచుకున్నాడు. గ్లాసు తిరిగి సిలార్ చేతిలో పెట్టాడు.

"నాకైతే చెప్పావు," అన్నాడు.

మళ్ళీ గోడకి ఆనుకుని కన్ను మూసుకున్నాడు.

రత్తాలు పొయ్యి నలభై అడుగుల దూరంలో ఉంది. ఆ నలభై అడుగుల్లో సిలార్ బుర్ర మహా చురుగ్గా పనిచేసింది. పంక్చరు ఎక్కడుందో వెతకడంలో ఎన్నడూ లేనంత చురుకు. ఇవాళ్టి నుంచి ఊదిన నీళ్ళు కాచుకోవచ్చని తాత సెలవిచ్చారు అని చెప్తే సరిపోతుంది. తాత మాటకి ఎవరూ ఎదురు చెప్పరు. నీళ్ళు కాగుతాయి. రత్తాలు కూతురు బతుకుతుంది. సిలార్ పరువు బతుకుతుంది. ఎవరికీ నష్టం లేదు.

ముప్పయ్యో అడుగు దగ్గర కాసులమ్మ కనిపించింది. పొయ్యి పక్కన గొంతుకూర్చుని, మూసిన కుండ మీద అరచెయ్యి పెట్టుకుని ఉంది. తాత ఇవాళ సెలవిస్తే, ఆమె మాత్రం మొన్న సెలవు లేని రోజున పొయ్యి మీద పెట్టినట్టే. బతికున్నన్నాళ్ళూ ఆమె లెక్కలో తప్పు తనదే.

మిగిలిన పది అడుగులూ నడవడానికి చాలాసేపు పట్టింది.

రత్తాలు చాప మీద కూతుర్ని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయి.

"సాయిబు గారూ, మీరైనా దీనికి సెప్పండి," అంది కాసులమ్మ. "నా మాట ఇనదు."

"నేనే పుట్టించాను కాసులమ్మా," అన్నాడు సిలార్.

"ఏటి?"

"కాచకూడదన్న మాట. అది ఏ కితాబులోనూ లేదు. తాత చెప్పలేదు. మీ అమ్మా చెప్పి ఉండదు. ఒక మాస్టారు కాఫీ పెట్టుకోవచ్చా అని అడిగితే, తెలియదనడానికి సిగ్గేసి నేను పుట్టించాను."

దగ్గర్లో కట్టెలు ఆరబెట్టుకుంటున్న ఇద్దరు ముగ్గురు చేతులు ఆపి ఇటు తిరిగారు. సిలార్ గొంతు తగ్గించలేదు.

"ఈ నీళ్ళు కాచాలి. మొదట్నుంచీ కాచాల్సింది. నాకు తెలుసు. తాతకి కాచే ఇస్తున్నాను."

కాసులమ్మ అతని మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. ఆమెకి ముప్పై ఏళ్ళు కూడా ఉండవు. ఆ చూపులో కోపం కోసం సిలార్ వెతికాడు. కోపం ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికినట్టుండేది.

"అయితే నేను పొయ్యి మీద ఎట్టినందుకు కాదా?"

"కాదు."

"మీరు దింపించకపోతే?"

నోటిదాకా చాలా మాటలు వచ్చాయి. రాసిపెట్టి ఉందని ఒకటి, ఆయుష్షు అంతేనని ఒకటి, ఎవరికి తెలుసమ్మా అని ఒకటి. అన్నీ గేటు దగ్గర చెప్పే మాటలు.

"బతికేవాడేమో," అన్నాడు.

ఆమె కుండ మీది నుంచి చెయ్యి తీసింది. రత్తాలు పిల్లని చాప మీద దింపి, కుండ ఎత్తి పొయ్యి మీద పెట్టింది. తడి సరుగుడు పుల్లలు పొగ కక్కాయి. కాసులమ్మ వంగి ఊదింది. దగ్గింది. మళ్ళీ ఊదింది. మంట అందుకుంది.

సిలార్‌ని కూర్చోమని ఎవరూ అనలేదు. పొమ్మనీ అనలేదు. నిలబడే ఉన్నాడు.

నీళ్ళ అడుగున చిన్న బుడగలు మొదలయ్యాయి. తర్వాత కుండంతా తెర్లడం మొదలుపెట్టింది.

"ఎంతసేపు ఉంచాలి?" అంది కాసులమ్మ. అతని వైపు చూడలేదు.

"ఇలా తెర్లడం మొదలయ్యాక నూరు లెక్కపెట్టాలి. తర్వాత దించి, మూత పెట్టి చల్లారనివ్వాలి."

ఆమె పైకే లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఒకటి, రెండు, మూడు. పిల్లలకి నేర్పేటప్పుడు చెప్పినట్టు, ఒక్కో అంకె విడివిడిగా. ఇరవై దగ్గర పొగకి మళ్ళీ దగ్గింది. ఆపలేదు. యాభై, అరవై. రత్తాలు గుడ్డ మడిచి చేతిలో పట్టుకుని, కుండ దించడానికి సిద్ధంగా ముందుకి జరిగింది.

తొంభై తొమ్మిది. నూరు.

నూట ఒకటి, అంది కాసులమ్మ. నూట రెండు.

ఆపమని చెప్పడానికి సిలార్ నోరు తెరిచాడు. మూసుకుని, ఆమె పక్కన ఇసకలో కూర్చున్నాడు.