భైరవస్వామి వేసిన ముడి

గంగరాజు గారికి ఒక అలవాటు ఉండేది. శిష్యులు ఏదైనా ప్రశ్న వేస్తే వెంటనే సమాధానం చెప్పేవారు కాదు. చేతిలోని సన్నాయి పీకను నీళ్ళ పళ్ళెంలో వేసి, అది మెత్తబడేదాకా ఊరుకునేవారు. ఈలోగా సగం ప్రశ్నలు అడిగినవాడికే అనవసరం అనిపించి ఆగిపోయేవి. తాతాజీ ప్రశ్న మాత్రం ఆగలేదు. మాలో తాతాజీకి ఊపిరి ఎక్కువ, ఓపిక తక్కువ.

"పెళ్ళిళ్ళలో, ఉత్సవాల్లో నేను పెద్ద సన్నాయి సూరన్న గారి పక్కన వాయిస్తున్నానండి. ఆయనకి డెబ్బై దాటేశాయి. పై స్థాయికి వెళ్ళేటప్పుడు ఊపిరి అందదేమోనని, నేనే ముందుగా అందుకుని గట్టిగా ఊదేస్తున్నానండి. ఆయనకి తెలీదు, జనానికీ తెలీదు. పెద్దాయన పరువు కాపాడుతున్నట్టే కదండీ?"

అడిగాడు గానీ వాడికి కావలసింది సమాధానం కాదు, శెభాష్ అన్న మాట. ఆ సంగతి మా అందరికీ తెలుసు, గురువుగారికి ఇంకా బాగా తెలుసు. ఆయన అవునని గానీ కాదని గానీ అనకుండా చేపల వేట గురించి మొదలుపెట్టారు.

గంగరాజు గారికి లంకే భైరవస్వామి అని చిన్ననాటి స్నేహితుడు. ముప్పై ఏళ్ళు గోదావరి మీద జనాన్ని దాటించే పంటు నడిపి, చేతులు వణకడం మొదలయ్యాక దిగిపోయినవాడు. గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర, మడ చెట్ల మధ్య, నెలకు రెండు మూడు ఉదయాలు వీళ్ళిద్దరూ గాలం వేసేవారు. వానపాము గుచ్చి కునికిపాట్లు పడే గాలం కాదు వాళ్ళది. భైరవస్వామి చెక్కతో వేలెడంత చేపలు చెక్కి, రంగు వేసి, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం అంటించేవాడు. ఆ కొయ్యచేపను దూరంగా విసిరి, బతికున్న చేపలా ఈదేటట్టు గాలపు తీగను ఆడిస్తూ లాగాలి. పండుగప్ప చేప మోసపోయి నోట కరవాలి. వలలు వేసేవాళ్ళు వీళ్ళని చూసి నవ్వేవారు. వీళ్ళు పట్టించుకునేవారు కాదు.

వాళ్ళ మధ్య ఒక కట్టడి ఉంది. ఎవరి గాలానికి వాళ్ళు ముడి వేసుకోకూడదు. నీ కొయ్యచేపకు ముడి నేను వేస్తాను, నాదానికి నువ్వు వెయ్యాలి. చేప పడితే లాగినవాడు నోరు మూసుకోవాలి, ముడి వేసినవాడు రేవంతా చెప్పుకోవచ్చు. ముడి ఊడి చేప పోతే సిగ్గు కూడా వేసినవాడిదే. నలభై ఏళ్ళుగా ఒకరి చేపలకు ఒకరు మీసం మెలేసుకుంటూ వచ్చారు.

ఆ ఉదయం పోటు తిరిగి నీళ్ళు వెనక్కి లాగుతున్నాయి. పాయల్లోంచి చిన్నచేపలు కొట్టుకొచ్చే వేళ. పాయ మొదట్లో పండుగప్ప కాచుకుని ఉండేది మహా అయితే ఒక గంట. భైరవస్వామి గంగరాజు గారి కొయ్యచేపకు ముడి వేయడానికి కూర్చున్నాడు. తీగ కొన కొయ్యచేప మూతికున్న రింగులో దూరదు. దూరితే చెయ్యి వణికి జారిపోతుంది. గంగరాజు గారు నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నారు గానీ లోపల పీకుతూనే ఉంది. చివరికి ముడి పడింది. భైరవస్వామి దాన్ని నాలుకతో తడిపి బిగించి, "పద బావా" అని నావ తోసే గెడ అందుకుని అటు తిరిగాడు.

తిరగగానే గంగరాజు గారు ఆ ముడికి మూరెడు పైన తీగ కోశారు. కొయ్యచేపను ముడితో సహా పెట్టెలో పడేసి, అచ్చం అలాంటిదే ఇంకొకటి తీసి తన చేత్తోనే కట్టుకున్నారు. చెప్పి బాధపెట్టడం ఎందుకు, వాడి పరువు వాడికి ఉంటుంది అనుకున్నారు. ఈ మాట దగ్గర తాతాజీ కొంచెం సర్దుకుని కూర్చోవడం నేను చూశాను.

నాలుగో విసురుకు పండుగప్ప పడింది. నీళ్ళ మీదికి ఎగిరి తల విదిలించింది. ఇద్దరూ కళ్ళారా చూశారు, చంకన పెట్టుకుంటే తోక మోకాలికి తగిలేంత చేప. రీలు గిర్రున తిరిగింది, అంతలోనే తీగ తేలిపోయింది. చుట్టుకుంటూ వస్తే చివర కొయ్యచేప లేదు. తీగ కొన పందితోకలా మెలితిరిగి ఉంది. తెగిన తీగ అలా ఉండదు, ముడి ఊడితేనే అలా ఉంటుంది.

భైరవస్వామి ఆ కొనను వేళ్ళ మధ్య పట్టుకుని చాలాసేపు చూశాడు. తర్వాత తన గాలం కూడా విప్పి గుడ్డలో చుట్టేశాడు.

"ఈ సేతులు పంటుకి పనికిరాలేదు. దీనికీ పనికిరావని ఇయ్యాల తెలిసింది. ఇంక నేన్రాను బావా."

నావ రేవు వైపు తిరిగింది. చెబితే, నిన్ను నమ్మలేదని మొహం మీద అన్నట్టు. చెప్పకపోతే, వాడి చేతులు వాడికి లేకుండా చేసినట్టు. వాడి ముందు అంత చిన్నవాణ్ణి అయిపోవడం జన్మలో అదే మొదటిసారని గంగరాజు గారు మాతో అన్నారు. రేవు కనిపించాక మాత్రం ఉండబట్టలేక చెప్పేశారు. ఊడింది నీ ముడి కాదురా, నాది. నీది పెట్టెలో ఉంది.

భైరవస్వామి గెడ ఆపాడు. కోపం వచ్చింది, దాచుకోలేదు. "నలభై ఏళ్ళ కట్టడి నువ్వే తప్పేవన్నమాట" అన్నాడు. అంటూనే పెట్టె తెరిచి, తన ముడి ఉన్న కొయ్యచేపను తీసి, దాని కొక్కెం నావ అంచుకు గుచ్చాడు. మిగిలిన తీగను తెడ్డు పిడికి చుట్టి, రెండు కాళ్ళూ చెక్కకు తన్నిపెట్టి లాగాడు. చాలలేదు. "నువ్వూ పట్టు" అన్నాడు. ఇద్దరు ముసలివాళ్ళూ కలిసి లాగారు. తీగ నడిమికి తెగి ఇద్దరూ వెల్లకిలా పడ్డారు. ముడి మాత్రం వేసినది వేసినట్టే ఉంది.

పడినచోటే పడుకుని భైరవస్వామి పగలబడి నవ్వాడు. ఒక్క చేప లేకుండా రేవులో దిగి, ఆ ముడిని పైకెత్తి పట్టుకుని, వలవాళ్ళకూ, ఐసు బండి వాళ్ళకూ, టీ కొట్టులో వాళ్ళకూ పేరుపేరునా చూపించాడు. చెయ్యి వణుకుతూనే ఉంది. "ఇది నేనేసింది. ఊడింది సన్నాయి గంగరాజుది" అని ప్రతి ఒక్కరికీ చెప్పాడు. గంగరాజు గారు వెనకాలే నడిచారు.

"సిగ్గుతో చచ్చిపోవాల్సిందిరా నేను. అదేమిటో, వాడలా నడుస్తుంటే ఛాతీ పొంగిపోయింది. ఎంతైనా ఆ ముడి వేసింది నా గాలానికే కదా" అన్నారు మాతో.

తాతాజీ తల వంచుకున్నాడు. అయినా వదల్లేదు.

"ముడి సంగతి వేరండీ. సూరన్న గారికి నిజంగానే ఊపిరి అందదండి."

"నువ్వు ముందే ఊదేస్తున్నావు కదరా. అందకపోవడం ఎప్పుడు విన్నావు?" అన్నారు గురువుగారు.