నాంచారి గడ్డం

గుండ్లకొండ మీద మేకలకు కాపరి లేడు, దొడ్డి లేదు, మెడకు తాడు లేదు. కొండంతా వాళ్ళదే. అలాంటి చోట బతుకు ఎంత హాయిగా ఉండాలి! ఉండేది కూడా, పోతులకు. ఆడమేకల సంగతి వేరు. చెబుతాను, వినండి. మధ్యలో నాకు కోపం వస్తే మాత్రం ఏమీ అనుకోకండి.

కొండ నెత్తిన ఒక చదును బండ ఉంది. సాయంత్రం ఎండ తగ్గగానే మంద పెద్దలు దానిమీద చేరతారు. ఏ వాలులో మేయాలి, ఏ వాగులో తాగాలి, ఎక్కడ పడుకోవాలి, అన్నీ అక్కడే తేలుస్తారు. దానికో కట్టుబాటు. గడ్డం ఉన్నవాళ్ళే బండ ఎక్కాలి, గడ్డం ఉన్నవాళ్ళే నోరు విప్పాలి.

పోనీలే, ఆడవాళ్ళకు గడ్డం ఉండదు కదా అని మీరు సర్దుకుంటున్నారేమో. ఆగండి. మేకల్లో ఆడవాళ్ళకూ గడ్డం వస్తుంది. దేవుడు ఇద్దరికీ ఇచ్చాడు. మరి ఏమైందంటారా? తొలిసారి ఈనగానే అత్తగారు వచ్చి కోడలి గడ్డాన్ని మొదలంటా కొరికేస్తుంది. దాన్ని గడ్డం వేడుక అంటారు. చుట్టూ చేరి పాటలు పాడతారు, లేత చిగుళ్ళు పంచుతారు. అంతా అయ్యాక "గడ్డం లేనిదానివి, నీకెందుకే పెద్దల మాటలు" అంటారు. చూశారా తెలివి! తలుచుకుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కొరికిన వెంట్రుకల్ని తీసుకెళ్ళి ఏట్లో కలిపే పుణ్యకార్యం జంబయ్యది. జంబయ్య అంటే నక్క. మేకల మందలో నక్కేమిటి అంటారా? చాలా ఏళ్ళ కిందటే, మాంసం మానేశాననీ, రేగుపళ్ళతో కాలక్షేపం చేస్తున్నాననీ చెప్పుకుంటూ వచ్చి పెద్దపోతు శూరప్ప కాళ్ళ దగ్గర చేరాడు. వచ్చినప్పుడు బోడి మూతే. కొన్నాళ్ళకు ఎక్కణ్ణుంచో ఒత్తుగా ఇంత గడ్డం దిగింది. "అంతా ఉపవాసాల మహిమ" అన్నాడు. శూరప్ప మురిసిపోయి బండ మీద పక్కనే చోటిచ్చాడు. అప్పట్నుంచీ ఉపవాసదీక్ష అంటూ ఆడమేకలకు దూరదూరంగానే తిరుగుతాడు. శూరప్పకు కొమ్ములు పెద్దవి, ఆలోచన చిన్నది. మేకపోతు గాంభీర్యం అనే మాట ఊరికే పుట్టలేదు మరి.

ఇదిలా ఉండగా నాంచారి అనే పొడల మేక ఈనింది. తొలి కాన్పులోనే కవలలు. అత్త సంజమ్మ పళ్ళు నూరుకుంటూ వచ్చింది.

"తల ఎత్తవే నాంచారీ. ఇట్టే అయిపోతుంది."

"ఏమిటత్తా అయిపోయేది?"

"ఏమీ ఎరగనట్టు అడుగుతావేం? నీ గడ్డం."

"నా గడ్డం నిన్నేం చేసింది?"

"అదేం ప్రశ్నే! నాది మా అత్త కొరికింది. ఆమెది వాళ్ళత్త కొరికింది."

"నీది కొరికినప్పుడు నీకెలా ఉందత్తా?"

సంజమ్మ నవ్వబోయి ఆగిపోయింది. "ఎలా ఉంటుంది? చాన్నాళ్ళు నీళ్ళలో నా మొహం నేను చూసుకోలేదు. తెల్లటి గడ్డం నాది, మధ్యలో ఒక్క ఎర్రపాయ. మా అమ్మ ఎంత ముచ్చటపడేదో!"

"మరి ఆ బాధ నాకెందుకు పెట్టడం?"

"నలుగురూ ఏమనుకుంటారే?"

"ఎవరా నలుగురు? కొరికించుకున్నవాళ్ళేగా!"

పక్కనే పొద చాటున పడుకున్న మామ ఓబన్న దగ్గాడు. ఒకప్పుడు ఆయనా బండ ఎక్కినవాడే. గజ్జి తగిలి గడ్డం రాలిపోయింది. ఆ రోజే కిందికి దింపేశారు. అప్పట్నుంచీ పెద్దగా మాట్లాడడు. "వదిలెయ్యవే సంజీ, దాని గడ్డం దానిది" అన్నాడు మెల్లగా. సంజమ్మ గొణుక్కుంటూనే వెళ్ళిపోయింది. నాంచారి గడ్డం నాంచారికే మిగిలింది.

ఆ సాయంత్రమే బండ మీంచి ఒక కబురు దిగింది. పాలు తాగే పిల్లలందరినీ కొండ కింద పల్లపు గుంతకు చేర్చాలట. అక్కడ జంబయ్య వాళ్ళకు బడి పెడతాడట. తల్లులు ఆ చుట్టుపక్కలకు కూడా వెళ్ళకూడదట, వెళితే పిల్లలు గారాలు పోతారట. మర్నాడు సాయంత్రం బండ మీద ఖాయం చేస్తారట.

పోతులకు ఇది బ్రహ్మాండంగా నచ్చింది. కునుకు తీసేటప్పుడు చెవుల దగ్గర అరుపులుండవు. తల్లులకు కావలసినంత తీరిక, కాబట్టి పై కొమ్మల చిగుళ్ళు కోసి తమకు తెచ్చిపెడతారు. పల్లపు గుంతలో ఏముందో ఒక్కడూ దిగి చూడలేదు. తల్లులు పిల్లల్ని పొట్ట కిందికి లాక్కుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. చెప్పుకుందామంటే బండ ఎక్కే దారి లేదు.

మర్నాడు పొద్దున నాంచారి ఊట దగ్గర నీళ్ళు తాగుతుంటే జంబయ్య వచ్చాడు. నవ్వు మొహం, నెమ్మదైన గొంతు.

"నాంచారమ్మా, నిన్ను చూస్తే ముచ్చటేస్తుంది. నువ్వు మిగతా ఆడమేకల్లాంటిదానివి కాదు."

"వాళ్ళెలాంటివాళ్ళన్నా?"

"అబ్బే, తెలిసిందేగా. ఏడుపులు, గుసగుసలు. నీకు బుద్ధి ఉంది, పైగా గడ్డం ఉంది. శూరప్పతో మాట్లాడాను. ఈ సాయంత్రం నువ్వూ బండ ఎక్కు. నా పక్కనే కూర్చో. ఈ కొండ పుట్టాక అక్కడ కూర్చున్న మొట్టమొదటి ఆడమేకవు నువ్వే!"

"నేనేం చెయ్యాలి?"

"ఏముందమ్మా, పిల్లల బడి మంచిదే అని ఒక్క మాట. తల్లే ఒప్పుకున్నాక ఇంకెవరు నోరెత్తుతారు? ఇంకో చిన్న సంగతి. మిగతావాళ్ళను గడ్డాలు పెంచమని ఎగదొయ్యకు. అందరూ ఎక్కితే ఇక నీ గొప్పేముంటుంది?"

ఉన్నమాట చెప్పుకోవాలి. నాంచారి గుండె ఒక్క క్షణం పొంగింది. మొట్టమొదటి ఆడమేక! ఎవరికి తియ్యగా ఉండదు చెప్పండి? అంతలో గాలి ఇటు తిరిగి జంబయ్య గడ్డం వాసన ముక్కుకు తగిలింది. మేకలు ఒకరినొకరు వాసనతోనే గుర్తుపడతాయి. అది నక్క వాసన కాదు. అత్త వాసన, పిన్నత్త వాసన, వాగు అవతలి పెద్దమ్మ వాసన. నాంచారి తల ఎత్తి సరిగ్గా చూసింది. నక్కేమో గోధుమరంగు, గడ్డమేమో నలుపూ తెలుపూ కలగలుపు. తెలుపు మధ్యలో ఒక ఎర్రపాయ. అంటే ఏట్లో కలపాల్సిన వెంట్రుకలన్నీ ఈ మూతికి చేరాయన్నమాట!

నాంచారి మొహం మారనివ్వలేదు. "తప్పకుండా వస్తానన్నా" అంది.

జంబయ్య తోక ఊపుకుంటూ పోగానే ఆమె ఆడమేకలందరినీ పోగేసింది. "సాయంత్రం నేను బండ ఎక్కుతున్నాను. మీరంతా నా వెనకే రండి. అత్తా, నువ్వు నా పక్కన ఉండు."

"నన్ను తోసేస్తారే!" అంది సంజమ్మ.

"తోస్తే నన్నూ కలిపే తోస్తారు. రా."

సాయంత్రం బండ మీద పోతులంతా కొలువుదీరారు. నాంచారి ఎక్కింది. వెనకే సంజమ్మ, ఆ వెనక తల్లులు, పొట్టల కింద పిల్లలు. శూరప్ప కొమ్ములు విదిలించాడు.

"ఏయ్! గడ్డం లేనివాళ్ళు దిగండి! నాంచారొక్కతే ఉండాలి!"

"అవునవును, కట్టుబాటు కట్టుబాటే" అన్నాడు జంబయ్య. "నాంచారమ్మ ముందు తన మాట చెప్పేస్తుంది."

"చెబుతానన్నా" అంది నాంచారి. "పెద్దయ్యా, గడ్డం లేనివాళ్ళు ఇక్కడ నోరెత్తకూడదు, అంతేగా?"

"అంతే!" అన్నాడు శూరప్ప.

"వేరేవాళ్ళ గడ్డం అంటించుకున్నవాళ్ళు?"

జంబయ్య గబుక్కున తల వంచుకున్నాడు.

"అత్తా, కాస్త దగ్గరికెళ్ళి వాసన చూడు."

సంజమ్మ అనుమానంగానే ముందుకు వెళ్ళింది. ముక్కు ఎగబీల్చింది. ఇంకోసారి ఎగబీల్చింది. తరవాత ఆమె గొంతు కొండంతా వినిపించింది. "ఇది నా గడ్డం! ఇదిగో నా ఎర్రపాయ! ఒరేయ్ దొంగసచ్చినోడా, మా అమ్మ ముద్దు చేసిన గడ్డంరా ఇది!"

ఒక్క గుంజు గుంజింది. తుమ్మబంకతో అంటించిన గడ్డం మొత్తం ఊడి ఆమె నోట్లోకి వచ్చింది. మిగిలింది బోడి మూతి, దానిమీద బంక చారలు. తల్లులందరూ ఒక్కసారిగా నవ్వారు. పోతుల్లోనూ కొందరు నవ్వు ఆపుకోలేకపోయారు.

శూరప్ప మొహం మాడిపోయింది. "సరే సరే. నక్క నోరు మూసుకోవాల్సిందే. ఇకమీదట సొంత గడ్డం ఉన్నవాళ్ళే మాట్లాడాలి. నాంచారీ, నువ్వు చెప్పు."

ఇంకొకరైతే అక్కడితో తృప్తిపడి కూర్చునేవారు. నాంచారి కూర్చోలేదు.

"నా గడ్డం చూసి నాకు మాటిస్తే ఆ మాట నాకొద్దు పెద్దయ్యా. ఈ పిల్లల్ని కన్నది మేము. వాళ్ళెక్కడ పడుకోవాలో అడిగే హక్కు మాకు మూతి మీద వెంట్రుకలతో రాలేదు. మా అత్త మాట్లాడుతుంది. ఇక్కడున్న ప్రతి తల్లీ మాట్లాడుతుంది. గడ్డం రాలిన మా మామ కూడా మాట్లాడతాడు. రా మామా, పైకి రా."

ఓబన్న మెల్లగా ఎక్కాడు. ఎన్నాళ్ళయిందో ఆ బండ మీద కాలు పెట్టి. "పల్లపు గుంత దగ్గర ఈ నక్కనూ ఒక తోడేలునూ చూశానర్రా" అన్నాడు. "తోడేలు 'ఎప్పుడు?' అంది. 'తొందరపడకు, మేకలే పిల్లల్ని తెచ్చి మనకు అప్పజెబుతాయి' అన్నాడు వీడు. మా వాడికి చెప్పబోయాను. గడ్డం లేనివాళ్ళకు అన్నీ అనుమానాలే అని నా కన్నకొడుకే నవ్వాడు."

మూడో వరసలో నాంచారి మొగుడు తల దించుకున్నాడు. దించుకోవాలి మరి, తక్కువేం చెయ్యలేదు.

ఆ మాటతో నవ్వులు ఆగిపోయాయి. తల్లులు కొమ్ములు ముందుకు వంచారు. నిన్నటిదాకా కునుకు కోసం పిల్లల్ని పంపుదామన్న పోతులు కూడా వాళ్ళ పక్కన చేరారు. జంబయ్య వెనక్కి వెనక్కి జరిగి, బండ అంచుకు వచ్చి, ఒక్క దూకు దూకాడు. కింద బ్రహ్మజెముడు పొద ఉంది. ముళ్ళు గుచ్చుకున్న మంటతో అక్కణ్ణుంచే అరిచాడు.

"స్త్రీవాది! శూరప్పా, అది స్త్రీవాది! నీ కొండను కూల్చేస్తుంది చూసుకో!"

"అంటే ఏమిటే నాంచారీ? తిట్టా?" అంది సంజమ్మ.

"తిట్టు కాదత్తా. తన గడ్డం కొరకనివ్వనిది, ఇంకొకరి గడ్డం కొరకనిది. అంతే."

ఇన్నాళ్ళూ ఎందరు కోడళ్ళ గడ్డాలు కొరికిందో గుర్తొచ్చి సంజమ్మ కళ్ళు చెమర్చాయి. తరవాత పొద వైపు తిరిగి మెడ నిక్కించి గట్టిగా కేకేసింది. "ఒరేయ్ జంబయ్యా! నేనూ అదేరా! ఆలస్యంగా అయ్యాను, అయినా అయ్యాను!"

"నేను కూడా" అన్నాడు ఓబన్న, బోడి మూతి పైకెత్తి.

శూరప్ప చుట్టూ చూశాడు. బండ నిండా ఆడమేకలు, పిల్లలు. ఒక పిల్ల అప్పుడే ఆయన తోక నములుతోంది. "అయితే ఏమంటావు?" అన్నాడు చిన్నబుచ్చుకుని. "మగవాళ్ళ మీద మీరు గెలిచారంటావు, అంతేనా?"

"గెలవడం దేనికి పెద్దయ్యా?" అంది నాంచారి. "కూర్చోవడానికి వచ్చాం. కొంచెం జరుగు."

శూరప్ప జరిగాడు.

నీతి: తమకొక్కరికే దొరికిన చోటుతో సరిపెట్టుకోకుండా అందరికీ చోటు అడిగినవాళ్ళే స్త్రీవాదులు, వాళ్ళు మేకలైనా సరే, మేకపోతులైనా సరే.