నీలానికి పాల పరీక్ష

ఏటి లంకలో ఓ పశువుల పాక. అందులో మాణిక్యమ్మ అనే గేదె. పేరుకే మాణిక్యం, ఒంటిమీద చూద్దామంటే మెడలో పలుపుతాడు, వీపు మీద ఎండిన బురద తప్ప ఇంకో నగ లేదు. ఒట్టి అమాయకురాలు. ఎవరేం చెప్పినా తలూపి, నెమరేసి, మళ్ళీ తలూపే రకం. పోయినేడు ఈనిన దూడ దక్కలేదు పాపం. అందుకే ఈ ఏడు పుట్టిన బుడ్డోడంటే ప్రాణం. వాడి మీద ఈగ వాలినా ఉలిక్కిపడేది.

ఓ పొద్దున మడుగులో పొర్లి వస్తుంటే గిట్ట సందులో ఏదో గుచ్చుకుంది. పాకలోకొచ్చి కాలు విదిలిస్తే రేగిపండంత రాయి కింద పడింది. నీలంగా తళతళలాడుతోంది.

దూలం మీద కూచున్న కాకి వీరాస్వామి అది చూసి రెక్కలు బాదుకున్నాడు.

"ఓరి నాయనో, నీలం! మా దొరగారి రాయి!"

"మీ దొరెవరు?"

"శనీశ్వరుడమ్మా! నేనాయన వాహనాన్ని, కాస్త మర్యాదగా చూడు. నీలం పడిందా, అందలం ఎక్కిస్తుంది. పడలేదా, పాడె ఎక్కిస్తుంది."

మాణిక్యమ్మ గుండె గుభేలుమంది. "మా బుడ్డోడి మెడలో కడదామనుకుంటున్నానే! వీడైనా నిలవాలి కదా వీరాస్వామీ."

"కట్టు, ఎవరొద్దన్నారు? ముందు పరీక్ష చేయించు."

పరీక్ష అన్న మాట చెవిన పడగానే గడ్డివాము మీంచి ఒళ్ళు విరుచుకుంటూ దిగాడు పిల్లి పానకాలయ్య.

"మా తాతగారు రత్నాల వర్తకుడి గల్లాపెట్టె మీద పడుకునేవారు చెల్లెమ్మా. ఆ విద్య మా రక్తంలోనే ఉంది. నీలమంటే మాటలా? వజ్రం తప్ప ఇంకేదీ దాన్ని గీయలేదు. సింహళం నుంచి ఓడలెక్కి వచ్చేది. పూర్వం రాజులు విషం అంటకుండా వేలికి పెట్టుకునేవారు."

"మరి ఆ రాజులంతా ఏరీ?" అన్నాడు గుమ్మంలో పడుకున్న కుక్క జోగులు.

"పోయారు. విషంతో మాత్రం కాదు." పానకాలయ్య మీసం సవరించుకున్నాడు. "అసలైన నీలం పాలల్లో వేస్తే పాలు నీలంగా కనబడతాయి. అదీ పరీక్ష. పాలేవీ?"

రైతు మూడు రొమ్ములు పితుక్కుని నాలుగోది దూడకి వదిలేవాడు. ఆ పాలే బుడ్డోడి ఆధారం. ఒక్క పూటకేం అనుకుంది మాణిక్యమ్మ. బుడ్డోడు వచ్చి నాలుగు కుమ్ములు కుమ్మేసరికి పాలు చేపుకొచ్చాయి. సరిగ్గా అప్పుడు "జరుగు నాయనా, శాస్త్రం!" అంటూ వాణ్ణి పక్కకి నెట్టి, ముందుకాళ్ళతో మెత్తమెత్తగా పిసికి మూకుడు నింపాడు పానకాలయ్య. రాయి అందులో పడేశాడు. ఓ కన్ను మూసి చూశాడు. రెండో కన్ను మూసి చూశాడు.

"నీలంగా ఉన్నట్టే ఉంది. లేనట్టూ ఉంది. పొద్దుటి వెలుగులో తేలదు. సాయంత్రం మళ్ళీ చూడాలి."

"అలాగేనండీ. ఈ పాలు బుడ్డోడికి పట్టనా?"

"అపచారం! శని దిగిన పాలు దూడకి పడతావా? తల్లివేనా నువ్వు?"

"పోనీ పారబోస్తాను."

"నేల బీడైపోతుంది. ఊరికి కరువు తెస్తావా?" పానకాలయ్య బరువుగా నిట్టూర్చాడు. "ఎవరో ఒకరు ఈ దోషం తాగాలి. ఏం చేస్తాం, నా ఖర్మ."

కళ్ళు మూసుకుని, మూకుడు అడుగు కనబడేదాకా దోషం నాకేశాడు. మీసాలకంటిన నురగ దోషాన్ని కూడా వదల్లేదు. ఈ రోజుల్లో పరుల కోసం ఇంత చేసేవాళ్ళు ఎవరున్నారని మాణిక్యమ్మకి కళ్ళనీళ్ళు తిరిగాయి.

సాయంత్రం మబ్బు పట్టింది. మర్నాడు ఎండ ఎక్కువైంది. ఓ రోజు మూకుడికి మసి అంటింది. అమావాస్యకి నీలం పలకదట. పరీక్ష తెమలదు, మూకుడు ఆరదు. "మా దొరగారి ప్రసాదం, నాకో చుక్క పొయ్యవయ్యా" అని వీరాస్వామి కిందికి వాలితే పానకాలయ్య పంజా చూపించాడు. చూస్తుండగానే పానకాలయ్య గుమ్మడికాయలా తయారయ్యాడు. బుడ్డోడికి డొక్కలు తేలాయి.

"పానకాలయ్య గారూ, బిడ్డ చిక్కిపోతున్నాడండీ."

"చూశావా! రాయి పని మొదలెట్టింది. గాజుముక్కకి అంత శక్తి ఎక్కడిది? ఇది అసలు నీలమే అనడానికి వాడి డొక్కలే సాక్ష్యం!"

"అయితే పరీక్ష అయిపోయినట్టేనాండీ?"

"అసలుదని తేలింది. వాడికి పడుతుందో లేదో తేలొద్దూ? రేపట్నుంచి పెద్ద మూకుడు పెట్టు."

మర్నాడు బుడ్డోడు కుమ్మడానికొచ్చి, తల ఎత్తలేక, తల్లి కాళ్ళ దగ్గరే కూలబడ్డాడు. పానకాలయ్య వాణ్ణి దాటుకుని వచ్చి మూకుడు పెట్టాడు.

మాణిక్యమ్మ బిడ్డని మూతితో తడిమింది. చల్లగా తగిలాడు. పోయినేటి దూడ కూడా పోయేముందు ఇలాగే చల్లబడింది. ఆవిడకి నెమరు ఆగిపోయింది, ఒళ్ళంతా మండుకొచ్చింది. కొమ్ము విసరబోయి ఆగింది. పొడిస్తే ఈ మహానుభావుడు గడ్డివాము ఎక్కుతాడు, రేపు మళ్ళీ దిగుతాడు.

"పానకాలయ్య గారూ," అంది మెత్తగా, "రాయిలోని శని అంతా పాలల్లోకి దిగింది, ఆ పాలన్నీ తమరే తాగారు. చుక్కయినా బయటికి పోలేదు కదండీ?"

"చుక్కయినా పోలేదు! శని మొత్తం ఈ పొట్టలోనే ఉన్నాడు. నా త్యాగం అలాంటిది. జోగులూ, నువ్వూ విను."

"విన్నాను," అన్నాడు జోగులు.

మాణిక్యమ్మ దూలం కేసి చూసింది. "వీరాస్వామీ, మీ దొర ఇక్కడ కాళ్ళొచ్చి తిరుగుతున్నాడు. వాహనానివై ఉండి పైన కూచున్నావేం?"

కాకి క్షణం ఆలోచించాడు. "నిజమే సుమా! ఇంత లావు దొరని మోయలేను గానీ, ఆయన మీద కూచోగలను." రివ్వున వచ్చి పానకాలయ్య నెత్తిమీద వాలాడు. "కావ్!"

"దిగరా! ఎలకలన్నీ పారిపోతాయి! శనీ లేదు, గినీ లేదు. అవి ఉత్త పాలు!"

జోగులు లేచి ఒళ్ళు దులుపుకున్నాడు. "ఉత్త పాలా? అయితే ఇన్నాళ్ళూ జరిగింది దొంగతనం. దొంగల సంగతి నేను చూసుకుంటాను. తేల్చి చెప్పు పానకాలయ్యా. పొట్టలో ఉన్నది శనా, పాలా?"

పానకాలయ్య జోగులు కోరలు చూశాడు. తోక ముడిచాడు.

"శనే," అన్నాడు నూతిలోంచి వచ్చినట్టు.

"ఏలినాటి శని. ఏడున్నరేళ్ళు," అన్నాడు వీరాస్వామి, గోళ్ళు సర్దుకుని స్థిరంగా కూచుంటూ.

మాణిక్యమ్మ బిడ్డ పక్కన మెల్లగా ఒరిగి రొమ్ము నోటికి అందించింది. మొదట పాలు పెదాల మీంచి కారిపోయాయి. ఆవిడ మళ్ళీ అందించింది. కాసేపటికి ఒక గుటక. ఇంకో గుటక. ఆ తర్వాత బుడ్డోడు తలెత్తి ఠపీమని కుమ్మాడు.

"నొప్పెడుతోందిరా వెధవా!" అని ఏడుస్తూనే మురిసిపోయింది తల్లి. ఆ సందట్లో నీలం పేడలో ఎక్కడో కూరుకుపోయింది. అది అసలుదో నకిలీదో మళ్ళీ ఎవరూ అడగలేదు.

పానకాలయ్య మాత్రం ఎలక కలుగు దగ్గర మాటు వేసినప్పుడల్లా నెత్తిమీంచి "కావ్!" అని వినబడుతుంది. లోపల ఎలకలు దొర్లి దొర్లి నవ్వుతాయి.

పరీక్ష పెట్టేవాడే పాలు తాగుతుంటే ఆ పరీక్ష ఎన్నటికీ తెమలదు.