దూదిగాడికి ఎనిమిది రోజులు

అనగనగా ఒక ఊరు. ఊరన్నాక దానికో రాజు ఉండే ఉంటాడు. ఆయన సంగతి మనకొద్దు. ఈ కథకి ఒక్క వీధి చాలు. అది నేతగాళ్ళ వీధి.

ఆ వీధిలో ఇంటికో గుంటమగ్గం. మగ్గానికి ఎక్కించే నిలువు నూలును పడుగు అంటారు. తెల్లవారగానే ఆ పడుగును వీధి ఈ కొస నుంచి ఆ కొస దాకా కర్రల మీద సాగదీసి, కుంచెలతో గంజి పట్టించి, ఎండకి ఆరబెట్టేవారు. గంజి పట్టని పడుగు మగ్గం మీద పుటుక్కున తెగుతుంది మరి. వీధి ఒక్కటి, ఇళ్ళు ఎనిమిది. అందుకని రోజుకో ఇంటి వంతు. వంతు చెడగొట్టుకున్నవాడు మళ్ళీ వంతు వచ్చేదాకా ఎనిమిది రోజులు చేతులు ముడుచుకుని కూర్చోవాల్సిందే.

అందులో మూడో ఇల్లు మార్కండయ్యది. ఇంట్లో ఆయన, ఆయన తల్లి భావనమ్మ, కూతురు తాయారు. తాయారుకి పదహారేళ్ళు. ఆ పిల్ల నోరు తెరిస్తే వీధి చివర ఉన్నవాళ్ళు కూడా మగ్గం ఆపి వినేవాళ్ళు. వినక చేసేదేముంది, వినిపించేది!

ఒక వానరోజు తాయారు బురదలో వణుకుతున్న తెల్లటి కుక్కపిల్లను ఓణీలో చుట్టుకుని ఇంటికి తెచ్చింది.

"ఇది నేత ఇల్లా, సత్రమా?" అన్నాడు మార్కండయ్య.

"పిడికెడంత ఉంది నాన్నా, ఏం చేస్తుంది?" అంది తాయారు.

పిల్లలూ, పిడికెడంత ఉంది ఏం చేస్తుంది అని ఎవరైనా అంటే అక్కడే ఆపి, పెద్దదయ్యాకో అని గట్టిగా అడగండి. సగం గొడవలు ఆ మాటతోనే మొదలవుతాయి.

కుక్కపిల్లకి దూది అని పేరు పెట్టారు. పేరుతోపాటు ముద్దులూ మొదలయ్యాయి.

దూది చలికి వణికితే భావనమ్మ దాన్ని మడతపెట్టిన కొత్త చీరల మీద పడుకోబెట్టింది. "పాపం, పసిది" అంది.

దూది మగ్గం గుంటలోకి తొంగి చూస్తే మార్కండయ్య నూలు చుట్టే ఖాళీ కండె ఒకటి కాలి బొటనవేలితో దొర్లించాడు. దూది దాన్ని నోట కరుచుకుని పరుగెత్తింది. "ఓహో, వీరుడివిరా!" అని పొట్ట పట్టుకుని నవ్వాడు. కుక్క వద్దన్నది ఈయనే సుమా!

ఇలా మూడు నెలలు గడిచాయి. పిడికెడు కుక్కపిల్ల మూరెడు కుక్కపిల్ల అయింది.

అప్పుడు దూది బురదకాళ్ళతో వచ్చి కొత్త చీరల మీద పడుకుంది. భావనమ్మ చీపురు తీసింది. దూదికి అర్థం కాలేదు. నూలు చుట్టిన కండెను కరుచుకుని పరుగెత్తింది. నూలు బావి దాకా వీధంతా విప్పుకుంటూ పోయింది. మార్కండయ్య జుట్టు పీక్కున్నాడు. దూదికి అదీ అర్థం కాలేదు. ఆ తర్వాత ఒకరోజు అదే వీధిలో ఉండే భద్రయ్య ఇంటి పడుగు నాకింది. మరొకరోజు ఆ పక్కింటి పడుగు నాకింది. చివరికి మార్కండయ్య వంతు వచ్చినరోజు ఆయన పడుగునే నాకి, నాకింది చాలక నమిలి, నలభై పోగులు తెంపేసింది.

భద్రయ్య అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. వీధంతా కూడింది. పంచాయతీకి వీధి పెద్ద పెదసెట్టి వచ్చాడు. వీధి చివరి ఇల్లు ఆయనదే. తెల్లటి మీసం, చేతికర్ర, ఎప్పుడూ ముడిపడి ఉండే నుదురు. ఆయన దగ్గితే మగ్గాలు ఆగుతాయని పేరు.

"ఇందులో చర్చించడానికేముంది?" అన్నాడు పెదసెట్టి. "కుక్కకి బుద్ధి లేదు. రేపు ఏరు దాటించి వదిలేయండి."

ఏటికి అవతల ముళ్ళపొదలు, దుమ్ములగొండ్లు. మూరెడు కుక్కపిల్ల అక్కడ ఒక పూట బతకదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు. అందుకే అందరూ నేల చూశారు.

తాయారు మాత్రం నేల చూడలేదు. ముందుకొచ్చి నిలబడింది.

"తాతా, దూది తరఫున మాట్లాడేవాళ్ళు లేకుండానే తీర్పు చెప్పేస్తారా?"

"దానికి నోరు లేదు కదే."

"నాకుంది. నాన్నా, దానికి కండె ముట్టుకోవద్దని ఎప్పుడైనా చెప్పావా?"

"రోజుకి పదిసార్లు చెప్పాను!" అన్నాడు మార్కండయ్య.

"ఏమని?"

"ఛీ అన్నాను."

"ఛీ అన్నాక ఏం చేశావు?"

మార్కండయ్య గొంతు సవరించుకున్నాడు. "మూతి వేలాడేసింది. చూడలేక... ఇంకో కండె దొర్లించాను."

వీధి గొల్లున నవ్వింది.

"నాయనమ్మా, దాన్ని చీరల మీద పడుకోబెట్టింది ఎవరు?"

"అప్పుడది చిన్నదే!"

"పెద్దదయ్యాక పడుకోకూడదని దానికెవరైనా చీటీ రాసిచ్చారా? నిన్నటిదాకా పరుపు, ఇవాళ చీపురు! తాతా, దీనికి బుద్ధి లేక కాదు. మేం నేర్పినవన్నీ ఒక్కటీ మర్చిపోకుండా నేర్చుకుంది. అదే దాని నేరం."

పెదసెట్టి మీసం దువ్వుకున్నాడు. "మాటలు బాగానే ఉన్నాయి. పడుగులు పాడయ్యాయి కదా?"

"మా వంతు మళ్ళీ వచ్చేదాకా ఎనిమిది రోజులు గడువివ్వండి. ఆ రోజు అందరి ముందూ పడుగు పక్కన దీన్ని వదులుతాను. మూతి పెట్టిందంటే నేనే ఏరు దాటిస్తాను."

"ఎనిమిది రోజుల్లో కుక్కకి నేర్పుతావా?"

"కుక్కకి కాదు తాతా. మా ఇంట్లోవాళ్ళకి."

సరేనన్నాడు పెదసెట్టి. తాయారు ఇంటికొచ్చి దూదికి గోనెసంచి పరిచింది. తండ్రికీ నాయనమ్మకీ వేలు చూపించి చెప్పింది. "కండె దొర్లించడాలు లేవు. చీరల మీద పడకలు లేవు. అందరిదీ ఒకటే మాట. తెలిసిందా?"

ఇద్దరూ బుద్ధిగా తలలూపారు.

మొదటిరోజు సాయంత్రం మగ్గం గుంటలోంచి ఒక ఖాళీ కండె దొర్లుకుంటూ వచ్చింది.

"నాన్నా!"

"నేను కాదమ్మా, కాలు."

"ఆ కాలు ఎవరిది నాన్నా?"

రెండోరోజు గోనెసంచి మీద ఒక కొత్త పంచె, పంచె మీద దూది.

"నాయనమ్మా!"

"చలిగా ఉందే దానికి."

"నీకు చెమట కారుతోంది! నీకు ఉక్కపోత, దానికి చలీనా?"

తాయారు తల పట్టుకుంది. కుక్కపిల్ల ఒక్కసారి చెబితే వినేటట్టుంది. వీళ్ళకి ఎన్నిసార్లు చెప్పాలి? ఈ ఇంట్లో బుద్ధున్నది నా ఒక్కదానికే అనుకుంది.

మూడోరోజు పొద్దున్నే ఇంకో ఇంటి వంతు. తాయారు కూడా కుంచె పట్టి సాయం చేసింది. పని అయ్యాక, ఎప్పటిలాగే గంజికుండలో అడుగున మిగిలింది పడుగు కింద దూది ముందు ఒంపింది.

"తాయారూ," అన్నాడు వెనకనుంచి మార్కండయ్య, చాలా నెమ్మదిగా. "నీ చేతిలో ఏముందమ్మా?"

తాయారు చేతిలోకి చూసుకుంది. కుండ. కిందకి చూసింది. గంజి. పైకి చూసింది. అదే గంజి కారుతున్న పడుగు.

మూడు నెలలుగా రోజూ పొద్దున్నే అక్కడే పోసింది. అదే వాసన, అదే రుచి, అదే చోటు. దూదికి అది పడుగని ఎలా తెలుస్తుంది? వీధి పొడవునా తనకోసం కట్టిన కంచం అనుకుంది! కండె నాన్న నేర్పాడు, చీర నాయనమ్మ నేర్పింది, దూదిని ఏటి దాకా తెచ్చిన తప్పు మాత్రం తనే నేర్పింది. వీధంతటి ముందు అందర్నీ నిలదీసి, తనని తాను ఒక్క ప్రశ్న వేసుకోలేదు.

తాయారుకి మాట పడిపోయింది. అలాంటి రోజు ఆ వీధి అంతకుముందు చూడలేదు.

కుండ అక్కడే దించి నేరుగా భద్రయ్య ఇంటికి వెళ్ళింది.

"బాబాయ్, నీ పడుగు పాడుచేసింది దూది కాదు. నేను. పడుగు కింద గంజి పోసి అలవాటు చేశాను."

భద్రయ్య ఆ పిల్లని కిందా మీదా చూశాడు. "ఈ మాట ముందే చెబితే అంత గట్టిగా అరిచేవాణ్ణా? కొంచెం తక్కువగా అరిచేవాణ్ణి."

ఆ రోజు నుంచి దూదికి పెరట్లో ఒక మూకుడు. తిండి అందులోనే, అక్కడే. తాయారు పొద్దున్నే దాని కడుపు నింపి, మెడకి తాడు కట్టి, పడుగు పక్కన నడిపించేది. అది పడుగుకేసి మూతి చాచితే, "దూదీ, ఆగు" అనేది. ఆగితే పెరట్లోకి తీసుకెళ్ళి మూకుట్లో ఒక ముద్ద. ఆగకపోతే ముద్ద లేదు. అరుపులు లేవు, చీపుర్లు లేవు. ఒకటే మాట.

పెరటి గోడ మీద ఒక ముసలి పిల్లి ఉండేది. దూది దానితో మొరపెట్టుకుంది.

"మామ్మా, ఈ మనుషుల్ని పెంచలేక చస్తున్నాను! ఒకరోజు వీరుడివంటారు, ఒకరోజు దొంగవంటారు. నేను చేసేది మాత్రం రెండురోజులూ ఒకటే."

పిల్లి ఆవులించింది. "మనుషులంతే నాయనా. గంజి ఎవరు పోసినా తాగు. మాట మాత్రం రోజూ ఒకేలా చెప్పేవాళ్ళదే విను."

దూది ఆ మాట గట్టిగా పట్టుకుంది.

అయిదోరోజుకి మార్కండయ్య కాలు కూడా బుద్ధి తెచ్చుకుంది. భావనమ్మ పంచెలన్నీ పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి తానే మనవరాలికి ఇచ్చేసింది. "నా చెయ్యి నాకే నమ్మకం లేదే" అంది. హమ్మయ్య అనుకుంది తాయారు.

ఆరోరోజు పడుగు చుట్టేశాక, మిట్టమధ్యాహ్నం, దూది ఎక్కడికో పోయి వచ్చింది. మూతి నిండా తెల్లటి గంజి.

"ఎవరు పోశారు?" అంది తాయారు నడుం మీద చేతులు పెట్టుకుని.

"నేను కాదు, నా కాలు కూడా కాదు" అన్నాడు మార్కండయ్య.

"నీ మీదొట్టే" అంది భావనమ్మ.

ఏడోరోజూ అంతే. మధ్యాహ్నం మాయం, మూతికి గంజి. తాయారు ఇల్లిల్లూ తిరిగి అడిగింది. అందరూ అడ్డంగా తలలూపారు. పెదసెట్టిని కూడా అడిగింది. ఆయన నుదురు ఇంకాస్త ముడి వేసి, "క్రమశిక్షణ లేని వీధి!" అని లోపలికి వెళ్ళిపోయాడు.

తాయారుకి ఏడుపొచ్చినంత పనయింది. తను ఇంట్లో కడుతుంటే ఎవరో వీధిలో విప్పుతున్నారు. రేపే గడువు. ఆ రాబోయే పొద్దున గంజి వాసనకి దూది ఒక్కసారి మూతి చాచిందా, అంతే.

ఎనిమిదోరోజు తెల్లవారింది. మార్కండయ్య వంతు. పడుగు సాగదీశారు. గంజి పట్టించారు. వీధంతా గుమ్మాల్లో నిలబడింది. పడుగు చివర, తన ఇంటి ముందు, పెదసెట్టి చేతికర్ర పట్టుకుని నిలుచున్నాడు.

తాయారు దూది మెడ తాడు విప్పింది. పడుగు వైపు వేలు చూపించింది.

"దూదీ, ఆగు" అంది. అంతే. ఇంకేం అనలేదు.

దూది బయల్దేరింది. మొదటి కర్ర దాటింది. గంజి చుక్క ఒకటి దాని ముక్కు మీద పడింది. దూది ఆగింది. వీధి ఊపిరి ఆగింది. దూది ముక్కు విదిలించుకుని ముందుకు నడిచింది. భద్రయ్య ఇంటి ముందు పడుగు మరీ కిందకి వేలాడుతోంది. దాని చెవులకి తగిలేంత దగ్గర. దూది తల వంచుకుని దాటేసింది.

అలా వీధి పొడవునా నడిచి, ఒక్క పోగు ముట్టుకోకుండా, పడుగు చివరికి చేరింది.

చేరి, నేరుగా పెదసెట్టి కాళ్ళ ముందు చతికిలబడి, ముందుకాలు ఒకటి పైకెత్తి, ఆయన ముఖంలోకి చూస్తూ తోక ఊపింది.

పెదసెట్టి కుడివైపు జరిగాడు. దూదీ జరిగింది. ఎడమవైపు జరిగాడు. దూదీ జరిగింది, కాలు దించకుండా.

"ఇది... ఇది నన్నెందుకు చూస్తోంది?" అన్నాడు.

గుమ్మంలోంచి ఆయన భార్య అండాళ్ళమ్మ గొంతు వినిపించింది. "ఎందుకు చూడదు? రోజూ మధ్యాహ్నం నా కళ్ళుగప్పి గంజి పోసేది మీరే కదా! ఇవాళ పొద్దున్నే ఎదురొచ్చారు, ఇంకా పోయలేదేమని అడుగుతోంది."

పెదసెట్టి నుదుటి ముడి ఆ వీధిలో మొదటిసారి విడిపోయింది.

"అది... మిగిలిన గంజి కదా... పారబోయడం ఎందుకని... పైగా అలా కాలెత్తితే..." అని నసిగాడు.

తాయారు నాలుక చివర వంద మాటలున్నాయి. తొంభైతొమ్మిది మింగేసింది, తన చేతిలోని కుండ గుర్తొచ్చి. ఒక్కటి మాత్రం అడిగింది.

"ఏరు ఎవరు దాటాలి తాతా?"

వీధి నవ్వాపుకోలేకపోయింది. అందరికంటే ముందు నవ్వింది అండాళ్ళమ్మ. ఆఖరికి పెదసెట్టీ నవ్వి, చేతికర్ర పక్కన పెట్టి, వంగి దూది తల నిమిరాడు.

"ఎవరూ దాటనక్కర్లేదు. ఇవాళ్టి నుంచి ఈ వీధిలో ఎక్కడపడితే అక్కడ ఎవరూ గంజి పోయకూడదు. ముందు నేను పోయకూడదు."

ఆ రోజు మధ్యాహ్నం మార్కండయ్య పెరట్లోకి ఎవరో వచ్చిన చప్పుడైతే తాయారు తొంగి చూసింది. పెదసెట్టి మోకాళ్ళ మీద కూర్చుని, సరిగ్గా మూకుట్లోనే, ఒక్క చుక్క బయట పడకుండా గంజి పోస్తున్నాడు. గోడ మీది పిల్లి ఒక కన్ను తెరిచి చూసి, ఈయన కూడా నేర్చుకున్నాడన్నట్టు మళ్ళీ మూసుకుంది.

కాబట్టి పిల్లలూ, పెద్దలూ, ఏ ప్రాణినైనా తప్పు చేసిందని శిక్షించే ముందు, ఆ తప్పు నేర్పిన చెయ్యి మనదేనేమో చూసుకోవాలి.