సీతాకోకల తోట తాళం

విజయనగరంలోని ఒక కాలనీలో హైమావతి అనే దర్జీ ఉండేది. ఎవరేం అడిగినా కాదనడం ఆమెకు చేతనయ్యేది కాదు. రేపటికల్లా జాకెట్టు కావాలని ఎవరైనా అంటే తిండి మానేసి కుట్టేది. ఆమె మొహమాటం సంగతి తెలిశాక జనం ఊరుకుంటారా? బాగా వాడుకునేవారు.

ఆ కాలనీ చివర నీళ్ల ట్యాంకు పక్కన ఒక ఖాళీ స్థలం ఉండేది. అందరూ అక్కడ చెత్త పోసేవారు. హైమావతి, మరికొందరు ఆడవాళ్లు, ఇద్దరు ముగ్గురు పింఛనుదారులు కలిసి దాన్ని శుభ్రం చేసి సీతాకోకల తోట పెంచారు. కంచె వెంట జిల్లేడు, తంగేడు పెట్టారు. లోపల నిమ్మ, కరివేపాకు వేశారు. పూలుంటే చాలు సీతాకోకలు వచ్చేస్తాయని మనం అనుకుంటాం. కానీ అవి తేనె తాగే మొక్క వేరు, గుడ్లు పెట్టే మొక్క వేరు. గుడ్లలోంచి వచ్చిన పురుగులు ఆకు తిని పెరిగితేనే రేపు రెక్కలొస్తాయి. అందుకే ఆ తోటలో చిల్లు పడని ఆకు దొరికేది కాదు. జీతాలు లేవు, పెత్తనాలు లేవు. కాలనీ సంఘం కుళాయి నుంచి వంతులు వేసుకుని నీళ్లు పోసేవారు. ఎవరి వంతు వస్తే గేటు తాళంచెవి వాళ్ల దగ్గర ఉండేది.

ఒకసారి హైమావతి వంతున ఎదురింటి రాజ్యలక్ష్మి వచ్చింది. ఇంట్లో వ్రతముందని, పులిహోరలోకి రెండు రెబ్బలు కరివేపాకు కావాలని అడిగింది. కరివేపాకు అడిగితే లేదనే ఇల్లు మన వైపు ఎక్కడైనా ఉందా? హైమావతి తాళం తీసింది. రాజ్యలక్ష్మి వెనక ఇంకొకరు, వాళ్ల వెనక మరొకరు వచ్చారు. ఒకరికిచ్చి ఇంకొకరికి లేదనలేక హైమావతి పక్కన నిలబడి నవ్వుతూ ఉండిపోయింది. సాయంత్రానికి కరివేపాకు మొక్కలకు పుల్లలే మిగిలాయి. కొన్ని పురుగులు ఆకులతో పాటు వంటిళ్లకు పోయి, అక్కణ్నుంచి చెత్తబుట్టల్లో పడ్డాయి. మిగిలినవి తిండి లేక కొమ్మల మీదే ఎండిపోయాయి.

ఆ తర్వాత చాలాకాలం తోటలో కరివేపాకు మీద పెరిగే నల్ల సీతాకోక ఒక్కటీ ఎగరలేదు. తోటివాళ్లు ఆమెను పల్లెత్తు మాట అనలేదు. అదే ఆమెను ఎక్కువగా బాధపెట్టింది. తన మంచితనమే వాటి ప్రాణం తీసిందని కుట్టుమిషను ముందు కూర్చుని ఏడ్చింది.

వానలు పడ్డాయి. మొక్కలు చిగిర్చాయి. మళ్లీ గుడ్లు, మళ్లీ పురుగులు, మళ్లీ చిల్లులు. సరిగ్గా అప్పుడే కాలనీ సంఘం కార్యదర్శి జగన్నాథరావుకు తోట మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. విశాఖపట్నం నుంచి ఎవరో పెద్దాయన కాలనీ చూడటానికి వస్తున్నాడట. తోటవాళ్లలో అందరికంటే మెత్తని మనిషి ఎవరో జగన్నాథరావుకు తెలుసు. అందుకే హైమావతి వంతు వచ్చేదాకా ఆగి, పురుగుమందు కొట్టే మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె నీళ్లు పోసి గేటుకు తాళం వేస్తోంది.

"చూడమ్మా, ఆకులన్నీ పురుగులు తినేశాయి. పెద్దాయన చూస్తే కాలనీ పరువేం కావాలి? మందు కొట్టించి, ఆ జిల్లేడు పీకించేస్తాను. తాళంచెవి ఇలాగియ్యి," అన్నాడు.

హైమావతి అలవాటుకొద్దీ "అలాగేనండి" అనబోయింది. కంచె సందులోంచి, జిల్లేడాకు మీద చారల పురుగొకటి తాపీగా మేస్తూ కనిపించింది. ఆమె తాళంచెవిని కొంగున ముడి వేసుకుంది.

"ఇవ్వనండి," అంది.

"ఏటి?" అన్నాడు జగన్నాథరావు.

"ఇవ్వను. ఈ పురుగుల కోసమే ఈ తోట పెంచాం. మందు కొట్టాలంటే ముందు నా మీద కొట్టించండి."

"కుళాయి సంఘానిది, మర్చిపోకు. మూయించేస్తాను."

"మూయించుకోండి. తోట మాత్రం ఎండదు."

వీధిలో జనం చూస్తుండగా తాళం పగలగొట్టే ధైర్యం ఆయనకు లేకపోయింది. కుళాయి మాత్రం ఆ పూటే మూయించేశాడు. హైమావతికి పొగరెక్కిందని కొందరు మూతి విరిచారు. ఆమె లెక్కచేయలేదు. మర్నాడు కుట్టుపని పక్కన పెట్టి, ఇంటి దగ్గర్నుంచి బిందెతో నీళ్లు మోసింది. ఆ రోజు ఆమె వంతు కాదు. అది చూసి తోటివాళ్లూ బిందెలు ఎత్తుకున్నారు. భుజాలు వాచిపోయినా ఒక్కరూ మానలేదు.

పెద్దాయన వచ్చాడు. కారు దిగకుండానే వెళ్లిపోయాడు. ఆ వారంలోనే జిల్లేళ్ల మీద నారింజరంగు సీతాకోకలు, కరివేపాకు మొక్కల మీద నల్లవి లేచాయి. సంఘం ఇప్పటికీ కుళాయి తెరవలేదు. తోట ఇప్పటికీ ఎండలేదు.

నీతి: మొహమాటపడి అందరికీ తలూపడం మంచితనం కాదు, మనల్ని నమ్ముకున్న ప్రాణాల కోసం ఎంతటివారికైనా కాదని చెప్పడమే మంచితనం.