నల్లబండిలో సూర్యుడు

బండి మీద తీసేకొద్దీ పుట్టే గీతలను తీసేదెలా అని పైడిరాజు అడిగినప్పుడు సత్తార్ మేస్త్రీ చేతిలోని టీ గ్లాసు పక్కన పెట్టి లేచాడు. అడిగిన ప్రశ్నను పనిలోకి దించి, పని చెప్పిన జవాబునే శిష్యుడికి అందించడం ఆయన పద్ధతి. విశాఖ ఆటోనగర్‌లో, సముద్రపు మంచు వీడీవీడని వేళ, వారి షెడ్డు ముంగిట ఒక నల్లని కారు నిలిచి ఉంది.

ముందురోజు షెడ్డు నీడలో పైడిరాజు దానికి మిషన్ పాలిష్ పట్టినప్పుడు అది నిలువుటద్దంలా ఉంది. ఉదయం ఎండలోకి తోయగానే, బానెట్‌లో ప్రతిఫలించిన సూర్యుడి చుట్టూ సన్నని వలయాలు సాలెగూడులా విచ్చుకున్నాయి. పాత గీతలు పోయాయి. ఇవి మిషన్ పెట్టిన కొత్తవి. అతడు బండిని నీడకు తెచ్చి, మిషన్‌ను మరింత అదిమి పట్టాడు. వలయాలు ఇంకా చిక్కనయ్యాయి. పక్క షెడ్డులో సొట్టలు తీసే సన్నిబాబు తొంగిచూసి, "సాలీడైనా కాపురం పెట్టుకుంది రాజా, నువ్వే..." అని మాట సగంలో ఆపి నవ్వాడు.

ఆ ఎత్తిపొడుపు తగలవలసిన చోటే తగిలింది. పైడిరాజు భార్య నూకరత్నం భీమిలిలో పుట్టింట ఉంటున్నది. ఒక పెళ్ళివిందులో, ఆమె అన్నదమ్ముల ఎదుట, అతడు ఆమెను తేలికచేసి ఒక మాట అన్నాడు. ఆ మాటకు మన్నింపు కోరడానికే ఎన్నోసార్లు భీమిలి వెళ్ళాడు. కాని మన్నించమన్న మాట వెనుకనే, ఆనాడు తాను ఎందుకలా అనవలసి వచ్చిందో వివరించేవాడు. ఆ వివరణలో ఆమె అన్నగారి పేరు దొర్లేది. దాన్ని సర్దబోతే అత్తగారి ప్రస్తావన వచ్చేది. తిరిగి వచ్చేసరికి మానవలసిన గాయం పక్కన మరొకటి రేగేది. ఇదే ఆఖరిసారి, ఈసారీ గొడవైతే ఇక మా గుమ్మం ఎక్కవద్దని అత్తవారు కబురు పంపారు. ఆ సాయంత్రమే అతడి ప్రయాణం. మొదటినుంచి చివరిదాకా అంతా విడమరిచి చెబుతానని పొద్దున్నే మేస్త్రీతో అన్నాడు.

మేస్త్రీ బండిని మళ్ళీ ఎండలోకి తోయించి, దాని చుట్టూ నడవమన్నాడు. శిష్యుడు ఎటు జరిగితే లోపలి సూర్యుడు అటే జరిగాడు. వలయాలూ వెంట వచ్చాయి. నల్లని రంగు లోతున మబ్బులు నిదానంగా సాగుతున్నాయి. తెల్లని పక్షి ఒకటి ఆ లోపలి ఆకాశాన్ని చప్పుడు లేకుండా దాటిపోయింది. తామున్నది ఇనుము ఎదుటో నీటి ఎదుటో తెలియనట్టు ఇద్దరూ కొంతసేపు అలాగే నిలబడ్డారు.

తరువాత బండిని నీడకు చేర్చి, ఆయన మిషన్‌కున్న స్పాంజిని ఊడదీసి పైడిరాజు చెంపకు ఆనించాడు. నిన్నటి పాలిష్, అరిగిన రంగు పొడి అందులో ఎండి గరుకు తేలి ఉన్నాయి. "ఆ గీతలు బండివి కావు" అని మాత్రం అన్నాడు. శుభ్రమైన మెత్తని స్పాంజి బిగించి, సన్నరకం పాలిష్ కొద్దిగా అద్ది, మిషన్ నడుపుతూ తన చేతిమీద శిష్యుణ్ణి చెయ్యి వేయమన్నాడు.

"ఏటి గురువుగారూ, మీరు అదమడమే లేదు."

"మిషన్‌కు ఉన్న బరువు చాలు. పైన నీది కూడా ఎందుకు?"

పాలిష్‌లోని నూనె మెరుపు గీతలను దాస్తుంది కనుక స్పిరిట్ గుడ్డతో తుడిపించి, బండిని ఎండలో చూశారు. సూర్యుడు ఒంటరిగా, గుండ్రంగా ఉన్నాడు. బానెట్ అంచున వెంట్రుకవంటి ఒక్క గీత మిగిలింది. నీడకు రాగానే పైడిరాజు మిషన్ అందుకోబోతే మేస్త్రీ ప్లగ్గు లాగేశాడు. అంచున రంగు పలచన, పైగా మిషన్ రాపిడికి వేడెక్కి ఉంది. ఆ గీతతో పాటు రంగే పోతుందని చెప్పాడు.

అప్పుడు ఫోన్ మోగింది. నూకరత్నం. భోజనానికి వస్తున్నారో లేదో అమ్మ కనుక్కోమన్నదని పొడిగా అడిగింది. అన్నాళ్ళ వివరణా ఒక్కసారిగా పైడిరాజు నాలుక చివరికి వచ్చింది. అతడు ప్లగ్గు ఊడిన మిషన్ వైపు చూశాడు. "వస్తాను" అన్నాడు. ఇంకేమీ అనలేదు. అవతల ఫోన్ పెట్టేసిన చప్పుడు రాలేదు. దూరాన అలల హోరు వినిపించింది. చివరికి ఆమె, "చీకటి పడకముందే రండి" అన్నది.

ఫోన్ జేబులో పెట్టుకుని, అక్కడికి వెళ్ళాక వాళ్ళు ఆనాటి సంగతి ఎత్తితే తాను మొదట ఏమనాలని పైడిరాజు అడిగాడు. అడుగుతూనే, తెలియకుండా, చేతిలోని గుడ్డను అంచున మిగిలిన గీత మీదికి పోనిచ్చాడు. సత్తార్ మేస్త్రీ అతడి మణికట్టు మృదువుగా పట్టుకున్నాడు.

"దాన్నిక ముట్టుకోకు రాజూ. చల్లారుతోంది."